సగం గరిటె

పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపడుచు హైమ కంచంలో దమయంతి సగం గరిటె అన్నమే పెట్టి, అత్త పారమ్మ వైపు చూసింది.

"ఇంతేటి వదినా? ఆకలేస్తన్నాది," అంది హైమ.

"ఎక్కువ తింటే బిడ్డ బరువెక్కిపోతాది, కాన్పు కష్టమవుతాది. నేను కడుపుతో ఉన్నప్పుడు మీయమ్మ సెప్పిందే!" అంది దమయంతి.

ఆ మాట నమ్మి దమయంతి కడుపు మాడ్చుకుంది. బరువు చాలక, కొడుకు ఆసుపత్రి అద్దాల పెట్టెలోంచి ఇంటికి రానేలేదు. సొంత కూతురు దగ్గర అత్త మాట మారుస్తుంది, అప్పుడు కడిగెయ్యాలని ఇన్నాళ్లూ కాచుకుంది.

పారమ్మ మాట మార్చలేదు. కూతురి కంచంలోంచి ఇంకో ముద్ద తీసేసింది.

"కడుపులో నేను బాగా బరువెక్కి అడ్డం తిరిగానట. నన్ను కనలేకే మాయమ్మ సచ్చిపోనాది. నా కూతురికలా కాకూడదే!"

అత్తది పగ కాదు, భయం. అది తెలిసినా దమయంతి కోపం చల్లారలేదు. కంచం నిండా అన్నం పెట్టి, పప్పు పోసి, గుడ్డు వేసింది.

"తిను హైమా. అత్తా, నువ్విక్కడే కూకో. ఇది కడుపునిండా తిని, నిండైన బిడ్డని కని, నీ ఒళ్లో పెడతాది. అప్పుడు తెలుస్తాది నీకు, నా కొడుకు ఎందుకు పోనాడో."