ముందు మెట్లెక్కే మనిషి

రామకోటేశ్వరరావు మూడో ఇంటి ముందు స్కూటీకి స్టాండు వేశాడు. గేటుకి టులెట్ బోర్డు. పొద్దుట్నించి రెండిళ్ళు చూశాడు. రెండూ కుదరలేదు.

ఇంటాయన లుంగీ సర్దుకుంటూ బయటికొచ్చాడు. లోపల్నించి కోడికూర వాసన వస్తోంది.

"రెండు బెడ్రూములండీ. మునిసిపల్ వాటరూ ఉంది, బోరూ ఉంది. ఇంతకీ మీరేవిట్లండీ?"

అంటే కులమేదని.

"ఇల్లు నాక్కాదండీ. జీవరత్నంగారని, నాకు తెలిసిన నర్సు. ఆవిడకీ, వాళ్ళమ్మాయికీ. వాళ్ళు ఎస్సీలు."

ఇంటాయన ముఖం ఏమీ మారలేదు. చూపు మాత్రం స్కూటీ మీదికి పోయింది.

"మేం ప్యూర్ వెజ్ వాళ్ళకే ఇస్తన్నామండీ. ఏమనుకోకండి."

"పర్లేదండీ. లోపల మీ కూర అడుగంటుతున్నట్టుంది, చూసుకోండి."

ఆ మాట కోపంగా అనలేదు. ఎనిమిదేళ్ళ కిందటైతే కోపంగానే అనేవాడు.

అప్పట్లో వాళ్ళు పదకొండు మంది. అద్దె ఇళ్ళ దగ్గర కులం అడిగే పద్ధతి పోవాలని ఒక సంఘం పెట్టారు. తొలి సమావేశానికి బ్యానర్ కట్టారు, ఫొటో దిగారు. ఏడాది తిరిగేసరికి ఒకాయనకి బీపీ వచ్చింది. ఇంకొకాయన కూతురికి సంబంధాలు చూస్తున్నాడు, మనవాళ్ళలో మాటొస్తుందన్నాడు. మిగతావాళ్ళు ఏమీ చెప్పకుండానే మానేశారు. కోటేశ్వరరావు ఒక్కడే మిగిలాడు. రిటైరయ్యాక కూడా ఒక్క ఆదివారం మానలేదు.

అతనికొక పద్ధతి ఉంది. ఇల్లు కావలసినవాళ్ళని వెంట తీసుకెళ్ళడు. ముందు తనే మెట్లెక్కుతాడు. కులం సంగతి గుమ్మంలోనే చెప్పేస్తాడు. కాదనే మాట ఏదో తనే వింటాడు. సరేనన్న ఇంటికే వాళ్ళని పంపిస్తాడు. అలా ఇరవై ఆరు కుటుంబాలు ఇళ్ళల్లో చేరాయి. ఎన్ని గుమ్మాలు కాదన్నాయో అతనికి గుర్తు లేదు.

నాలుగో ఇంట్లో ఒక పెద్దావిడ మంచినీళ్ళిచ్చింది.

"ఎవరైతే ఏంటి నాయనా, మనుషులే గదా. మా పక్కింటోళ్ళే, నన్ను బతకనియ్యరు."

ఐదో ఇంట్లో ఒక కుర్రాడు ల్యాప్‌టాప్ మూయకుండానే మాట్లాడాడు.

"నాకేం ప్రాబ్లం లేదంకుల్. నాన్నగారు ఉన్నన్నాళ్ళూ కష్టం."

"ఆయనకెన్నేళ్ళు బాబూ?"

"డెబ్బై."

"నీకు?"

"ముప్పై నాలుగు."

"సరే బాబూ," అని కోటేశ్వరరావు దిగొచ్చేశాడు.

ఒంటిగంటకి గవర్నర్‌పేటలో లాడ్జి మెట్లెక్కాడు. జీవరత్నం అక్కడికొచ్చి మూడు వారాలైంది. ఆసుపత్రిలో ఉద్యోగం ఖాయమై, కూతుర్ని ఇంటర్‌లో చేర్పించింది. ఇల్లొక్కటే దొరకలేదు. మంచం మీద కూతురు ఫిజిక్స్ పుస్తకం పెట్టుకుని చదువుకుంటోంది. తల్లి కింద కూర్చుని బట్టలు మడతపెడుతోంది.

"ఇవాళ కూడా కుదర్లేదమ్మా."

"పర్లేదు సార్."

"బుధవారం దాకా టైముంది గదా."

"బుధవారం పొద్దున్నే రూము ఖాళీ చెయ్యమన్నారు సార్, పెళ్ళివాళ్ళు బుక్ చేసుకున్నారంట. ఇంక గుడివాడ వెళ్ళిపోతాం. ఏదో క్లినిక్‌లో చూసుకుంటాను."

"మరి పాప కాలేజీ?"

జీవరత్నం చేతిలో చీర మడత కుదరక మళ్ళీ విప్పింది. కూతురు పేజీ తిప్పలేదు.

"మాకోసం మీరు ఎండలో తిరుగుతుంటే నాకే సిగ్గుగా ఉంది సార్," అంది జీవరత్నం. "మీలాంటోళ్ళు వీధికొకళ్ళుంటే చాలు, ఈ ఊళ్ళో మాక్కూడా ఇల్లు దొరుకుద్ది."

కోటేశ్వరరావు వెనక్కి తిరిగాడు. చెప్పులేసుకుని మెట్లు దిగాడు. ఎండ బాగా ఉంది. అతనికేమీ అనిపించలేదు. ఈమధ్య ఏమీ అనిపించడం లేదు. వచ్చే ఆదివారం ఏ వైపు వెళ్ళాలా అని మాత్రం ఆలోచించాడు.

ఇంటికెళ్ళి కాళ్ళు కడుక్కుని కంచం ముందు కూర్చున్నాడు.

"దొరికిందా?" అంది భార్య కనకలక్ష్మి.

"లేదు."

"అయ్యో పాపం," అంటూ ఆమె అన్నం వడ్డించి, పప్పు గిన్నె దగ్గరికి జరిపి, తర్వాత గుర్తొచ్చినట్టు చెప్పింది: "మన మేడ మీద పోర్షన్ రెణ్ణెల్లుగా ఖాళీగానే ఉంది గదాని ఇందాక ఎవరో అడగడానికొస్తే, మీరు చెప్పినట్టే ముందు కులం కనుక్కుని, మనవాళ్ళు కాకపోయేసరికి వేరేవాళ్ళకి మాటిచ్చేశామని పంపించేశానండీ."