గాలి సోకకూడదు

అలారం మోగింది. ఆమెకు పైప్రాణాలు పైనే పోయాయి.

"అయ్యో, సీసాల్లోకి గాలి చొరబడింది!"

వినేవాళ్ళెవరూ లేకపోయినా పైకే అంది. అది గది కూడా కాదు, బీరువాకి అన్నలాంటిది. రేకు గోడలు, ఒక బల్ల, మూలన నిలువెత్తు హీలియం సిలిండరు, బల్ల మీద వరసగా సముద్రపు నీళ్ళ సీసాలు. ఆ మోత ఎటునుంచి వస్తోందో తెలియనంతగా గోడలన్నీ గింగురుమంటున్నాయి.

సీసాల్లో ఉన్నది మామూలు నీళ్ళు కాదు. నడిసముద్రంలో, ప్రాణవాయువు దాదాపు లేనే లేని లోతు నుంచి తోడినవి. వాటిలో కంటికి కనిపించని బ్యాక్టీరియా ఉంటాయి. నీటిలో కరిగిన నత్రజని లవణాలను పట్టి, నత్రజని వాయువుగా మార్చి పైకి వదిలేస్తాయి. అలా ఎంత వదులుతాయో కొలవడమే ఆమె ఉద్యోగం. అయితే వాటికో పంతం ఉంది. మనం బతికే గాలి వాటికి గిట్టదు. కాస్త సోకిందా, పని మానేసి మూతి ముడుచుకుంటాయి. అందుకని గొట్టాల గుండా హీలియం పంపి, సీసాల్లో మిగిలిన గాలిని తరిమేయాలి.

తోటివాళ్ళు ఆమెకు మూతలమ్మ అని పేరు పెట్టారు. ఇంట్లో చక్కెర డబ్బా అయినా సరే, ఆమె మూత బిగించిందంటే తీయడానికి భర్తకు చేతులు పడిపోవాల్సిందే. అతను అదే భవనంలో కింది అంతస్తులో మెకానిక్. గొట్టాలు, మీటర్లు బిగించే పని అతనిది. పైన ఆవిడ, కింద ఈయన, ఇద్దరూ బిగించేవాళ్ళే అయితే ఆ సంసారానికి ఊపిరాడేదెలా అని అందరూ వేళాకోళం చేసేవాళ్ళు.

పొద్దున ఓడ దిగి, ఇంటి గుమ్మం కూడా తొక్కకుండా, వానలో తడుస్తూ సీసాలతో సరాసరి ఇక్కడికే వచ్చింది. తలుపు పక్కన చేతికందిన దానికి వానకోటు తగిలించింది. బయటిగాలిని లోపలికి లాగే ఫ్యాను ఆపేసింది. గడియ పెట్టింది. సిలిండరు మర తిప్పింది. అంతా సవ్యంగానే సాగింది, ఈ మాయదారి అలారం మోగేదాకా.

ఆమెకు తెలిసి ఆ గదిలో అలారం ఉన్నది సీసాల మీటరుకొక్కదానికే. దాన్ని చూసింది. ముల్లు సున్నా మీద ఉంది. సున్నా అంటే గాలి లేనట్టే. మరి ఈ గోల ఏమిటి?

"ముల్లు ఇరుక్కుపోయి ఉంటుంది," అనుకుంది. భయపడ్డ మనిషికి మంచి కబురు చెవికెక్కదు.

ఓడ మళ్ళీ అటువైపు ఎప్పుడు వెళుతుందో ఓడవాళ్ళకే తెలియదు. ఈ నీళ్ళు పాడైతే ఇన్నాళ్ళ కష్టమూ బూడిదలో పోసిన పన్నీరే. మెడలో తువ్వాలు తీసి తలుపు కింది సందులో కుక్కింది. సిలిండరు మర ఇంకో చుట్టు తిప్పింది. గొట్టాలు బుసకొట్టాయి. అలారం మాత్రం ఆగలేదు.

పోనీ మూతలు మరోసారి బిగిద్దామంటే వేళ్ళు మాట వినడం లేదు. కాళ్ళలో సత్తువ లేదు. కళ్ళ ముందు మిణుగురులు ఎగురుతున్నాయి. భయం మనిషిని ఇంతగా పిండేస్తుందని ఆమెకు అప్పటిదాకా తెలియదు.

బల్ల మీద ఫోన్ మోగింది.

"హలో!"

అవతల భర్త నవ్వాడు. "ఎవరు పాపా నువ్వు? మా ఆవిడ ఓడ దిగి నేరుగా అక్కడికే వచ్చిందట. ఒకసారి ఫోన్ ఇవ్వమ్మా."

"నేనేనండీ!" ఆ గొంతు ఆమెకే కొత్తగా ఉంది. కోడిపిల్ల అరిచినట్టు పీలగా వచ్చింది. భయానికి గొంతు కూడా పూడుకుపోయిందనుకుంది. "సీసాల్లోకి గాలి పోతోందండీ. అలారం ఆగడం లేదు. నాకు చాలా భయంగా ఉంది!"

నవ్వు ఠక్కున ఆగిపోయింది.

"తలుపు తియ్యి."

"ఏంటీ?"

"ముందు తలుపు తీసి బయటికి రా! నిన్నే!"

"మీకేమైనా పిచ్చా? తీస్తే గాలి సోకి అన్నీ నాశనమైపోతాయి!"

ఫోన్ అవతల ఏదో కిందపడ్డ చప్పుడు. ఆ తర్వాత మెట్ల మీద పరుగు. అంతలోనే తలుపు దబదబా బాదుతున్నాడు.

"తియ్యవే! నీ కాళ్ళు పట్టుకుంటాను, తియ్యి!"

"తియ్యను!" తలుపుకి వీపు ఆనించి నిలబడింది. "ఇక్కడ కోట్ల ప్రాణాలున్నాయి. అవన్నీ నన్ను నమ్ముకునే ఉన్నాయి."

ఆ మాటకి ఆమెకే ఎందుకో నవ్వొచ్చింది. నవ్వుతూనే ఏడ్చింది. మోకాళ్ళు మడతపడ్డాయి. తలుపుని ఆనుకునే నేల మీదికి జారిపోయింది.

ఇనుప కడ్డీ దెబ్బకి గడియ ఊడింది. తలుపు ఆమెను పక్కకి నెట్టుకుంటూ తెరుచుకుంది. వాన వాసన వేసే గాలి ముఖానికి తగిలింది.

అయిపోయింది. సోకనే సోకింది.

భర్త ఆమెను రెండు చంకల కింద పట్టుకుని వరండాలోకి ఈడ్చాడు. ఆమె బలం లేని పిడికిళ్ళతో అతని గుండెల మీద కొట్టింది.

"చంపేశారు! అన్నింటినీ చంపేశారు!"

అరిచేకొద్దీ గొంతు మెల్లగా తనదవుతోంది.  అతను ఆమె తలని గుండెకి అదుముకున్నాడు. 

"కోటు దేనికి తగిలించావు?" అని చివరికి, తెరుచుకున్న తలుపులోంచి గోడకేసి చూస్తూ అడిగాడు.

ఆమె తలుపు వైపు చెయ్యి చూపింది. అతను లేచి, గుమ్మం బయటి నుంచే చెయ్యి చాపి, తడి వానకోటు లాగేశాడు.

దాని కింద, ఆమె ఓడ మీద ఉన్నప్పుడు అతను తన చేతులతో బిగించిన కొత్త తెల్లపెట్టె ఎర్రగా వెలిగి ఆరుతూ ఇంకా మొత్తుకుంటోంది, హీలియం నిండిన ఈ గదిలో మనిషి బతకడానికి గాలి చాలదని.