పుస్తకాలపురుగు

మాస్టారు బఠానీలు ఒలుస్తున్నారు. గింజలు చెత్తబుట్టలోకి, తొక్కలు గిన్నెలోకి పోతున్నాయి.

"ఏమండోయ్, ఇవాళ తొక్కల కూర చెయ్యమంటారా?" అంటూ భార్య గిన్నె లాక్కుంది.

మాస్టారు నవ్వలేదు. ఆయన చూపు కిటికీలోంచి గేటు మీదే ఉంది. పైవాటా అమ్మాయి బ్యాంకు నుంచి వచ్చే వేళయింది.

"పాపం, ఆ పిల్లకి ముద్ద దిగడం లేదు" అంది భార్య. "మీకు జ్వరమొస్తే పక్కన కూర్చుంది ఎవరు? ఆ కంప్యూటరు ముట్టుకోవడం నేర్పింది ఎవరు? పొద్దున్నే మీరు పేపరు చదివే వైఫై ఎవరిది? అలాంటి పిల్లని కోర్టుకీడ్చారు."

"ఈడ్చింది నేనా?"

"మీ పుస్తకమేగా!"

మాస్టారు చెత్తబుట్టలోంచి గింజలు ఏరడం మొదలుపెట్టారు.

రిటైరయ్యాక ఆయన ఒక నవల రాశారు. ప్రచురణకర్త అచ్చు వేశాడు. కొన్నవాళ్ళు లేరు. మాస్టారి వంతుకొచ్చిన కట్టలు అటకెక్కాయి. వాటిని ఎలుకలు మాత్రం శ్రద్ధగా చదివాయి.

అలా ఉండగా 'పుస్తకాలపురుగు' అనే మారుపేరుతో ఎవరో నవల మొత్తాన్నీ ఇంటర్నెట్‌లో పెట్టేశారు. ఉచితంగా. జనం ఎగబడి చదివారు. కింద అభిప్రాయాలు రాశారు, పోట్లాడుకున్నారు. చదివినవాళ్ళలో కొందరు అచ్చు పుస్తకం కావాలని ఫోన్లు చేశారు.

"దొంగ పుణ్యమా అని నా అటక ఖాళీ అయింది" అని ఇరుగుపొరుగుకి చెప్పుకుని మురిసింది భార్య.

ప్రచురణకర్త మురిసిపోలేదు. కోర్టుకెక్కాడు.

"పోనివ్వండి, చదువుకుంటున్నారుగా" అన్నారు మాస్టారు.

"హక్కులు నాకు రాసిచ్చేశారు మాస్టారూ. ఇందులో ఇక మీ మాట చెల్లదు."

పుస్తకాలపురుగు ఎవరి కనెక్షన్ నుంచి వచ్చాడో ఇంటర్నెట్ కంపెనీకి తెలుసు. కానీ చెప్పనంది. కనెక్షన్ ఒకరి పేరున ఉంటుంది, వాడుకునేది పదిమంది, బిల్లు కట్టినవాళ్ళనే దొంగంటే ఎలా అని దాని లాయరు వాదించాడు. కేసు చాలాకాలం నలిగింది. చివరికి పేరు చెప్పాల్సిందేనని జడ్జి తేల్చేశాడు.

"గెలిచాం మాస్టారూ! ఓడిపోయినట్టు ఆ మొహమేంటి?" అన్నాడు ప్రచురణకర్త.

"బీపీ" అన్నారు మాస్టారు.

బయటికొచ్చిన పేరు పైవాటా అమ్మాయిది.

గేటు చప్పుడైంది. అమ్మాయి మేడెక్కకుండా తిన్నగా వీళ్ళింట్లోకే వచ్చింది. భుజానికి బ్యాగు అలాగే ఉంది.

"బాబాయిగారూ, మీ ప్రింటరు ఒక్కసారి వాడుకోనా?"

"దేనికమ్మా?"

"క్షమాపణ పత్రం. వాళ్ళ లాయరు మెయిల్లో పంపాడు. సంతకం పెట్టి ఇస్తే కేసు ఇంతటితో ఆపేస్తారట. లేకపోతే బ్యాంకు దాకా వెళ్తుంది. నా ఉద్యోగం ఇంకా పర్మనెంట్ కాలేదు కదా."

"చెయ్యని పనికి సంతకమేంటే, పిచ్చిదానా?" అంది మాస్టారి భార్య.

అమ్మాయి తల దించుకుంది.

"నేను చెయ్యలేదు పిన్నిగారూ. మా చెల్లెలు చేసుంటుంది. సెలవులకి వచ్చినప్పుడు రోజంతా నెట్ ముందే కూర్చునేది. బాబాయిగారి నవలంటే దానికి పిచ్చి. నిన్న ఫోన్లో నిలదీశాను. ఒట్టేసి మరీ కాదంది. నేను నమ్మలేదు. నా ఉద్యోగానికే ఎసరు పెట్టావు, ఇంక నాకు ఫోన్ చెయ్యకని అరిచాను." ఆగి, బ్యాగు పట్టీ సవరించుకుంది. "చెయ్యడం లేదు."

మాస్టారు గొంతు సవరించుకున్నారు.

"ఒట్టేసిందంటే... ఆ పిల్ల చేసి ఉండదమ్మా."

"మీది జాలిగుండె బాబాయిగారూ. అది కాకపోతే ఇంకెవరు? మేడ మీద ఉండేది నేనూ అదేగా."

"నీ పేరొస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు. నిజం."

"మీరేం చేస్తారు? మా వల్ల నష్టపోయిందీ మీరే, ఇప్పుడు నాకోసం బాధపడేదీ మీరే. దాని తరఫున నేనే మిమ్మల్ని క్షమించమని అడగాలి."

మాస్టారి చేతిలో ఉన్న బఠానీకాయ నలిగి నీరైంది.

"ముందు కాస్త టీ తాగు. మొహం చూడు ఎలా పీక్కుపోయిందో" అంటూ భార్య వంటింట్లోకి వెళ్ళింది.

అమ్మాయి కంప్యూటరు ముందున్న కుర్చీ జరుపుకుంది.

"నేను తీసిస్తానమ్మా, నువ్వుండు!" మాస్టారు లేచిన విసురుకి ఒళ్ళో కాయలన్నీ నేలపాలయ్యాయి.

"మీకూ ప్రింటరుకీ పడదుగా బాబాయిగారూ" అంటూ చాలా రోజుల తర్వాత కొంచెం నవ్వింది. నవ్వుతూనే మౌస్ కదిలించింది.

నల్లటి తెర వెలిగింది.

పొద్దున మాస్టారు మూయడం మరిచిన పేజీ నెత్తిన 'పుస్తకాలపురుగు గారూ, మళ్ళీ స్వాగతం!' అని ఉంది. అమ్మాయి అది చదివి, లేచి, గడప దాటి వెళ్ళిపోయింది.