చెప్పి పోవడం

"పోయొస్తాం సార్" అని మార్గరెట్, ఆమె ముసలి భర్త చేతులు జోడించారు.

మా అక్క తిప్పమ్మ నోరు నొక్కుకుంది. "సావింట్లో ఆ మాట అంటారా యాడన్నా? నా తమ్ముని పెండ్లాం పోయి మూడు దినాలు కాలేదు. ఎవురు నేర్పినారప్పా వీళ్లకు?"

నేనే. చర్చి సేవకని కెనడా నుంచి బత్తలపల్లెకు వచ్చిన ఈ దంపతులకు ఆరు నెలలుగా తెలుగు చెబుతున్నాను. ఎవరింట్లోనైనా చెప్పకుండా లేవరాదని గంటసేపు పాఠం చెప్పాను. చేతిలో బెత్తం ఒక్కటే తక్కువ. అందులో చావింటి సంగతి చేర్చాలని తోచలేదు.

మార్గరెట్ ముఖం ఎర్రబడింది. "తప్పా సార్? మళ్లీ రాకూడదా?"

పొద్దున్నుంచి యాభై మంది వచ్చారు. అందరూ పద్ధతిగా, మాట్లాడకుండా లేచిపోయారు.

"తప్పే" అన్నాను. మాస్టరు బుద్ధి పోదు కదా.

తర్వాత అడిగాను. "రేపు ఎన్ని గంటలకు వస్తారు?"