గోడ పక్క బోదె

"గట్ల నిలబెట్టకు చెల్లె. పడుకోబెట్టు."

ముత్యమ్మ తలెత్తి చూసింది. కంపెనీ గోడ కూలిన చోట ఖాకీ బట్టల్లో ఓ పెద్దాయన నిలబడి ఉన్నాడు. రాత్రి డ్యూటీ దిగిన వాచ్‌మన్.

"ఏంది పడుకోబెట్టేది?"

"మొరంగడ్డ తీగ. ఎత్తుగ పోసిన ఈ బోదెల అడ్డంగ పండాలె. రెండు కొసలు బైటికి పెట్టి నడుమంత మట్టి కప్పు. మట్టిల ఎన్ని కణుపులుంటే గన్ని గడ్డలు."

చిలగడదుంప తీగను పడుకోబెట్టమంటే ముత్యమ్మకు నవ్వొచ్చింది. నారాయణఖేడ్ పక్క ఊళ్లో ఇరవై ఏళ్లు మిరపనారు నాటిన చేతులామెవి. మొక్క అన్నాక నిలబడాలి గానీ, పడుకున్నదెక్కడైనా బతుకుతుందా?

"నువ్వు గేటు సూసుకో పెద్దమనిషీ. చేను నేను సూసుకుంట."

ఆయన వెళ్లిపోయాడు.

మందుల కంపెనీలో పని దొరికిందని భర్త వెంట కాజీపల్లి వచ్చింది ముత్యమ్మ. తొంభై రెండులో భర్త జ్వరంతో పోయాడు. పిల్లలు లేరు. కార్మికుల గదుల వరసలో చివరి గదిలో ఒక్కతే ఉంటుంది. ఎవరి షిఫ్టు వారిది, ఎవరి తలుపు వారిది. పలకరించే దిక్కు లేదు.

గోడను ఆనుకున్న ఈ అరెకరం ఊళ్లోని ఆగమ్మ దగ్గర కౌలుకు తీసుకుంది. ఇచ్చేనాడే ఆగమ్మ తేల్చి చెప్పింది.

"ఈ ఒక్క పంట సూస్త. భూమి పండదని తేలితే కంపెనీకే ఇచ్చేస్తం. గోడ ముందుకు జరుపుతమని రెండేండ్ల సంది ఎంట పడుతున్నరు."

చేను పోతే ముత్యమ్మకు ఇక్కడ ఇంకేమీ లేదు. అందుకే ఎవరో గోడ సందులోంచి చెప్పిన మాట విని పంటతో ఆటలాడదలచుకోలేదు.

వాచ్‌మన్ మాత్రం రోజూ వచ్చేవాడు.

"తిన్నవా చెల్లె?"

ముత్యమ్మ ఒకనాడు ఊ అనేది, ఒకనాడు అనేది కాదు. కాజీపల్లి మొత్తంలో ఆ మాట అడిగేవాడు ఆయనొక్కడే. పేరైనా అడగలేదు ఆమె.

"ఒక్క బోదె నాకియ్యి. నాటి సూపిస్త."

"నా చేను మీద నీకెందుకింత పరేషాన్?"

ఆయన కూలిన గోడ దాటి గేటు వైపు నడిచాడు.

ఎనిమిదో రోజు ముత్యమ్మ కాస్త ఆలస్యంగా వచ్చింది. గోడ పక్క బోదె దగ్గర వాచ్‌మన్ గొంతుక్కూర్చుని ఉన్నాడు. చేతులకు తడిమట్టి. పెరికిన తీగలు పక్కన కుప్పగా ఉన్నాయి.

ముత్యమ్మకు ఒళ్లు మండింది. పచ్చి తీగలు బర్రెలకు మంచి మేత, అవి ఎత్తుకుపోయేవాళ్లు లేకపోలేదు. రోజూ తీపిగా పలకరించింది ఇందుకా అనుకుంది. ఆయన ఏదో చెప్పబోతున్నా వినకుండా, రెక్క పట్టుకుని గేటు దాకా లాక్కెళ్లింది.

"తీగలు దొంగతనం చేస్తున్నడు సార్."

సూపర్‌వైజర్ ఆయన చేతుల మట్టి చూశాడు.

"ఎవరి చేన్లకు పోయినవ్? ఆ చేను నీదా?"

వాచ్‌మన్ ముత్యమ్మ వైపు చూశాడు.

"కాదు సార్."

ఆ పూటే కొలువు పోయింది. ఆయన ఖాకీ చొక్కా విప్పి, మడిచి, బల్ల మీద పెట్టాడు. బనీను మీదనే రోడ్డెక్కాడు.

మర్నాడు గోడ సందులో ఎవరూ లేరు. ఆ మర్నాడూ లేరు. తిన్నావా అని అడిగే మనిషి లేక ముత్యమ్మకు పొద్దు చాలా పొడుగైంది. దొంగ పోతే పోయాడు, నాకేం అని తనకు తానే చెప్పుకునేది. చెప్పుకున్నాక కూడా చూపు అటే పోయేది.

ఆయన కెలికిన బోదెను ఆమె ముట్టుకోలేదు. నెల తిరిగేసరికి అదీ ఆకులేసింది. పైకి చూస్తే అన్ని బోదెలూ ఒకే పచ్చగా ఉన్నాయి.

శివరాత్రి ముందర తవ్వకం మొదలుపెట్టింది. మొదటి బోదెలో మొక్కకు ఒకటి, వెతికితే రెండు. అవీ వేలి లావు. రెండో బోదెలోనూ అంతే. ఇక చేను కంపెనీకి పోయినట్టే అనుకుంది ముత్యమ్మ.

అప్పుడే ఆగమ్మ వచ్చింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"గోడ పక్క బోదెల నాలుగు గడ్డలు తవ్వియ్యి ముత్యమ్మా. మా తమ్ముడు నిన్న పోయిండు. బొల్లారంల కిరాయి అర్రల ఒక్కడే ఉంటుండె. రేపు మూడో దినం, కాకిపిట్టకు పెట్టాలె."

"ఆ బోదెవే కావాల్నా అక్కా?"

"పాణం పోయేటప్పుడు అదే అడిగిండు. గోడ పక్క బోదె ఎట్లున్నదని."

ముత్యమ్మ గడ్డపారతో మట్టి పెకిలించి, మొదలు పట్టుకుని లాగింది. ఒక్క తీగకు ఆరు గడ్డలు, ఒక్కోటి పిడికిలంత. పక్కదానికి ఏడు. తీగలన్నీ మట్టిలో అడ్డంగా పడుకుని ఉన్నాయి.

ఆమె అక్కడే కూలబడింది.

"ఇది నేను నాటింది కాదక్కా. ఆ గేటు కాడ వాచ్‌మన్..."

"వాడే మా మొగులయ్య. గోడ అవుతలున్నదంత ఒకప్పుడు వాడు మొరంగడ్డ ఏసిన భూమే. అది కంపెనీకి పోయింది, వాచ్‌మన్ కొలువిచ్చిండ్రు."

"మరి ఈ అరెకరం?"

ఆగమ్మ గడ్డలను ఒక్కొక్కటే కొంగులో వేసుకుంది.

"ఇదీ వానిదే, కంపెనీకి తెల్వకుండ నా పేరు మీద పెట్టిండు. ఆ దినం గేటు కాడ అవునంటే కంపెనీ వాళ్లు బలిమికి రాయించుకుంటరు, నిన్ను పంట నడుమల లేపుతరు. అందుకే తన చేను తనది కాదన్నడు."