ఎవరి తలుపు కొట్టాలి?

“చెప్పరా డేల్, ఇవాళ ఎవరి తలుపు కొట్టాలి?” అన్నాడు హోబర్ట్.

అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులోంచి తీసేసిన ఆటగాడి తలుపు కొట్టి ఆ కబురు చెప్పి, జట్టు ఆట ఎత్తులు రాసి ఇచ్చిన పుస్తకం వెనక్కి తెచ్చే పని ఎప్పుడూ సహాయ కోచ్ హోబర్ట్‌దే. ఊళ్లు మారాయి, జట్లు మారాయి, ఆ పని మారలేదు. ఇప్పటి హెడ్ కోచ్ డేల్ కూడా ఒకప్పుడు అతని దగ్గర ఆట నేర్చుకున్నవాడే.

డేల్ తలెత్తలేదు.

“ఆ లావుపాటి కుర్రాడా? పాపం, హెల్మెట్ మీద పేరు నిన్ననే అంటించుకున్నాడురా!” అన్నాడు హోబర్ట్.

“కోచ్... కాస్త కూర్చోండి.”

హోబర్ట్ కూర్చోలేదు. ఆ మాట తర్వాత ఏం వస్తుందో అతనికి కంఠతా వచ్చు.

“నాన్చకూడదని నేర్పాను కదరా,” అంటూ చంకలోని తన ఎత్తుల పుస్తకం తీసి బల్లమీద పెట్టాడు.

“ఓనర్‌ను బతిమాలాను. కుర్రవాళ్లే కావాలన్నాడు.” డేల్ కళ్లు తుడుచుకున్నాడు. “ఇప్పుడెక్కడికి వెళ్తారు కోచ్?”

తీసేసిన ప్రతి కుర్రాడూ హోబర్ట్‌ను అడిగిన ప్రశ్నే అది. “ఇంటికి పో నాన్నా. అమ్మ చేతి వంట తిను,” అని భుజం తట్టేవాడు.

ఊరూరా సామాన్లు సర్దలేక అతని భార్య లొరెటా రెండు జట్ల కిందటే విడిపోయింది.

“ముందు కారు దాకా వెళ్లనీరా,” అన్నాడు హోబర్ట్.