తల్లి చెప్పిన తీర్పు

“పిల్లను కింద పెట్టు తిప్పన్నా! అది నా గొర్రె పక్కన నిలబడిండె, నాదే,” అన్నాడు ఓబుళేసు.

“పక్కన నిలబడితే నీదైతాదా? ఇప్పుడు నేనూ నీ పక్కనే నిలబడినా. నీకు పుట్టినానా?” అంటూ తిప్పయ్య గొర్రెపిల్లను మరింత గట్టిగా పట్టుకున్నాడు.

కంబదూరు శివారు బీడులో ఇద్దరి మందలకూ ఒకటే ముళ్ల దొడ్డి. వేకువన ఇద్దరూ నీళ్లకై బోరు దగ్గరకు వెళ్లివచ్చేసరికి ఇద్దరి మందల్లోనూ ఒక్కో గొర్రె ఈని ఉంది. పిల్ల మాత్రం ఒక్కటే కనిపించింది. రెండవదానిని నక్క ఎత్తుకుపోయి ఉంటుందని ఇద్దరూ తలచారు. పోయినది ఎవరి పిల్ల అన్నదే తగవు.

“వరసగా మూడు కరువులన్నా. ముప్పై గొర్రెల్లో తొమ్మిది మిగిలినాయి. ఈ యేడు ఈనింది ఇదొక్కటే.” ఓబుళేసు గొంతు తగ్గింది.

పెద్ద కాపరి గంగప్ప అడ్డు వచ్చాడు. “యాలప్పా ఈ రచ్చ? మనిషి అబద్ధమాడతాడు గానీ తల్లి ఆడదు. ఏ గొర్రె పాలు తాగనిస్తే పిల్ల దానిది. అంతే.”

ఇద్దరూ సమ్మతించారు. గొర్రెలను పట్టి తెచ్చేందుకు గంగప్ప, ఓబుళేసు దొడ్డిలోకి వెళ్లారు.

తల్లి చచ్చిన పిల్లకు మరొక తల్లిని కుదిర్చే ఉపాయం కాపరులందరికీ తెలిసినదే. తిప్పయ్య అటూ ఇటూ చూశాడు. దొడ్డి వాకిట తన గొర్రె ఈనిన చోట పడివున్న మాయను తీసి, దాని వాసన పట్టేలా ఆ తడిని పిల్ల తలకూ వీపుకూ తోకకూ పూశాడు. చేతులు మట్టితో తుడుచుకున్నాడు.

రెండు గొర్రెలనూ తెచ్చి నిలిపి వదలగానే పిల్ల ఓబుళేసు గొర్రె వద్దకే తడబడుతూ వెళ్లింది. అది మూతి చాచి వాసన చూసి, ఒక్క తోపు తోసింది. తిప్పయ్య గొర్రె మాత్రం దగ్గరకు తీసి నాకింది. పిల్ల పొదుగు అందుకుని తోక ఆడించింది.

“చూసినారా? మీకంటే గొర్రెలే నయం,” అన్నాడు గంగప్ప.

ఓబుళేసు బరువెక్కిన తన గొర్రె పొదుగు వైపు ఒకసారి చూశాడు. “తల్లే కాదన్నాక నేనేం చెప్పేదన్నా! నోరు జారినా. తప్పైపాయె,” అని తిప్పయ్యకు చేతులు జోడించి, మందను రాయదుర్గం దారికి మళ్లించాడు.

వెనక్కు పిలవాలని తిప్పయ్యకు నోటిదాకా వచ్చింది. మాట పెగిలేలోగా మంద మిట్ట దాటింది.

కొంతసేపటికి అతని భార్య తిరుపాలమ్మ కొంగు చాటున ఏదో పొదివి పట్టుకుని వచ్చింది.

“వేకువన సంగటి తెస్తే మనిషే లేకపోతివి! యాడికి పోయింటివి? మన గొర్రె అప్పుడే ఈనిండాది. పిల్ల వణుకుతాంటే ఇంటికి ఎత్తుకపోయి చలి కాచినా,” అంటూ పిల్లను కిందికి దింపింది.

తల్లి గొర్రె దానిని వాసన చూసి, తలతో కుమ్మి కింద పడవేసి, మళ్లీ ఓబుళేసు పిల్లను నాకసాగింది.